దాటినవాళ్ళ పేర్లు సరే, ఎడ్ యోస్ట్ సంగతేంటి?

పోటీ పరీక్షల పుస్తకం ఏది తిరగేసినా "ప్రపంచంలో ప్రథములు" అని ఒక చాప్టర్ ఉంటుంది. బెలూన్‌లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని మొదట దాటింది ఎవరంటే బెన్ అబ్రుజో, మాక్సీ ఆండర్సన్, లారీ న్యూమన్. బెలూన్ పేరు డబుల్ ఈగిల్-2. సంవత్సరం 1978. జవాబు కరెక్టే, అందులో మార్చడానికేం లేదు. కానీ ఆ ముగ్గురూ ఎక్కిన బెలూన్‌ని తయారుచేసి ఇచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. వాళ్ళకంటే రెండేళ్ళ ముందు, అదే సముద్రం మీద, ఒంటరిగా 107 గంటలు గాల్లో గడిపి, అవతలి ఒడ్డు చేరకుండానే నీళ్ళలో దిగిపోయాడు. పేరు ఎడ్ యోస్ట్. దూరప్రయాణపు బెలూన్ల చరిత్రలో ముందు వరసలో ఒక్కరినే కూర్చోబెట్టమంటే నేను ఆయన్నే కూర్చోబెడతాను. గ్రూప్స్‌కి చదివే పిల్లలకి జనరల్ నాలెడ్జ్ చెప్పడం నా పని. అందుకే ఈ విషయం నన్ను ఇంతగా పట్టుకుంది.

ముందు బెలూన్ ఎందుకంత మొండి వాహనమో చెప్పాలి. అది తెలియకపోతే దాటడానికీ దాటకపోవడానికీ తేడా ఎంతో, ఏపాటిదో అంచనా దొరకదు.

బెలూన్‌కి స్టీరింగ్ లేదు. పైలట్ చేతిలో ఉన్నవి రెండే పనులు: పైకి వెళ్ళడం, కిందికి రావడం. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో దిక్కుకి వీస్తుంది కాబట్టి, కావలసిన గాలి ఏ ఎత్తులో ఉందో కనిపెట్టి అక్కడికి చేరుకోవాలి. ఆ రెండు పనులూ ఖర్చుతో కూడుకున్నవి. హీలియం నింపిన బెలూన్‌ని పగటి ఎండ వేడెక్కిస్తుంది. లోపలి గ్యాస్ ఉబ్బుతుంది, బెలూన్ పైకి లేస్తుంది, పట్టని గ్యాస్ అడుగున ఉన్న గొట్టంలోంచి బయటికి పోతుంది. పోయింది పోయినట్టే, మళ్ళీ నింపుకునే దారి లేదు. సాయంత్రం ఎండ తగ్గగానే మిగిలిన గ్యాస్ చల్లబడి ముడుచుకుంటుంది, బెలూన్ దిగిపోవడం మొదలుపెడుతుంది. అప్పుడు బరువు పారబోయాలి. మామూలుగా ఇసుక. బెలూన్ సమతూకంలో ఉన్నప్పుడు చిన్న గరిటెడు ఇసుక వేసినా తేడా తెలుస్తుందంటారు గ్యాస్ బెలూన్ పైలట్లు. కానీ పొద్దు గుంకే వేళ గరిటెలు చాలవు, సంచులే ఖాళీ చేయాలి. మర్నాడు ఎండ రాగానే, బరువు తగ్గింది కాబట్టి, ముందురోజు కంటే ఇంకా పైకి పోతుంది. ఇంకాస్త గ్యాస్ పోతుంది. ఆ సాయంత్రం ఇంకాస్త ఇసుక. ఎన్ని సూర్యాస్తమయాలకి సరిపడా బరువు మోసుకెళ్ళగలవు అన్నదే అసలు లెక్క. అట్లాంటిక్‌కి నాలుగైదు సూర్యాస్తమయాలు కావాలి. అప్పటికి ఎవరి దగ్గరా అంత సరుకు లేదు.

1913 డిసెంబర్‌లో హ్యూగో కౌలెన్ అనే జర్మన్ 87 గంటలు గాల్లో ఉన్నాడు. 1914 ఫిబ్రవరిలో ఇంకో జర్మన్, హాన్స్ బెర్లీనర్, బిట్టర్‌ఫెల్డ్‌లో ఎగిరి రష్యాలో పెర్మ్ ప్రాంతం దాకా 3,052 కిలోమీటర్లు వెళ్ళాడు. ఆ తర్వాత రెండు ప్రపంచయుద్ధాలు వచ్చిపోయాయి, మనిషి చంద్రుడి మీద నడిచాడు, బెలూన్ రికార్డులు మాత్రం ఆ రెండూ కదల్లేదు. అరవై రెండేళ్ళు!

కదిపినవాడు యోస్టే.

ఆయన 1919లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, బ్రిస్టో అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జనరల్ మిల్స్‌లో ఉద్యోగం. జనరల్ మిల్స్ అంటే గోధుమపిండి, సీరియల్ డబ్బాలు అమ్మే కంపెనీ. బెలూన్ల విషయంలో మాత్రం దాని పాత్ర పెద్దది. కాస్మిక్ కిరణాలని కొలవడానికి, అమెరికా నౌకాదళం పరిశోధనలకీ ఆకాశంలో చాలా ఎత్తుకి పరికరాలు పంపే పాలిథిన్ బెలూన్లు ఆ కంపెనీ పరిశోధన విభాగంలోనే తయారయ్యేవి. పల్చటి ప్లాస్టిక్‌ని అతికించడం, అది ఎక్కడ చిరుగుతుందో పసిగట్టడం, వాతావరణ నివేదిక చదవడం, ఎక్కడో పడిపోయిన పరికరాన్ని వెతికి తెచ్చుకోవడం... ఇవన్నీ యోస్ట్ నేర్చుకున్న విద్యలు. 1956లో తోటివాళ్ళతో కలిసి సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌లో రేవెన్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ పెట్టాడు.

నౌకాదళ పరిశోధన కార్యాలయం వాళ్ళకి ఒకటి అడిగింది. ఒక మనిషిని మోయాలి, పదివేల అడుగుల ఎత్తుకి వెళ్ళాలి, మూడు గంటలకి సరిపడా ఇంధనం ఉండాలి, ఒకసారి వాడి పారేసేది కాకూడదు. హీలియం ఖరీదు. హైడ్రోజన్ ప్రమాదం. మిగిలింది 1783లో ఫ్రాన్స్‌లో మాంగోల్ఫియర్ సోదరులు వాడి, తర్వాత దాదాపు అందరూ వదిలేసిన పాత పద్ధతి: వేడి గాలి. గడ్డీ గుడ్డలూ కాల్చి ఎగిరిన ఆ పద్ధతిలో పెద్ద చిక్కు, మంట మనిషి అదుపులో ఉండకపోవడం. యోస్ట్ దానికి సిలిండర్‌లోని ప్రొపేన్‌తో నడిచే బర్నర్ పెట్టాడు. వాల్వ్ తిప్పితే మంట, కట్టేస్తే లేదు. మన వంటింటి గ్యాస్ స్టవ్‌కి దగ్గరి చుట్టం అన్నమాట. 1960 అక్టోబర్ 22న నెబ్రాస్కాలోని బ్రూనింగ్‌లో ఆయన దాని మీద ఎగిరాడు. ఇప్పుడు మనం చూసే పేము బుట్ట కూడా లేదు. బెలూన్ కింద వేలాడదీసిన చిన్న సీటు మీద కూర్చుని గంటా ముప్పై అయిదు నిమిషాలు! ఇవాళ టర్కీలోని కప్పడోసియాలో అయినా, జైపూర్‌లో అయినా, అరకు ఉత్సవాల్లో అయినా, రంగురంగుల బెలూన్ ఎక్కి ఫోటో దిగిన ప్రతివాళ్ళ తల మీదా గర్జించేది ఆ మంటే.

1963 ఏప్రిల్‌లో డాన్ పికార్డ్‌తో కలిసి ఇంగ్లాండ్‌లోని రై నుంచి ఫ్రాన్స్‌లోని గ్రావెలీన్ దాకా వేడిగాలి బెలూన్‌లో ఇంగ్లీష్ చానల్ దాటాడు. ఆ డాన్ పికార్డ్ తండ్రీ, 1999లో భూమిని చుట్టొచ్చిన బెర్ట్రాండ్ పికార్డ్ తాతా కవల అన్నదమ్ములు. బెలూన్ లోకం అంత చిన్నది.

ఇక అట్లాంటిక్. ఇక్కడ నాకు యోస్ట్ మీద గౌరవం రెట్టింపవుతుంది. కారణం: తను కనిపెట్టిన వేడిగాలి పద్ధతినే పట్టుకుని కూర్చోలేదు. ప్రొపేన్ గంటల్లో అయిపోతుంది, ఈ సముద్రానికి రోజులు కావాలి. కాబట్టి తన పేరు నిలబెట్టిన సాధనాన్ని పక్కనబెట్టి హీలియంకి మళ్ళాడు. ఎన్నాళ్ళో కష్టపడి సాధించినదాన్ని ఈ పనికి ఇది పనికిరాదని ఒప్పుకుని పక్కన పెట్టడం చాలామంది మేధావుల వల్ల కాదు.

రెండో నిర్ణయం ఇంకా గొప్పది. కింద వేలాడే గొండోలాని, అంటే మనిషి ఉండే భాగాన్ని, బుట్టలా చేయలేదు, పడవలా చేశాడు. ఎందుకో అర్థం కావాలంటే ఆయనకి ముందు వెళ్ళినవాళ్ళకి ఏమైందో తెలియాలి.

1958 డిసెంబర్‌లో నలుగురు బ్రిటిష్‌వాళ్ళు 'స్మాల్ వరల్డ్' అనే బెలూన్‌లో కానరీ దీవుల నుంచి పడమటికి బయల్దేరారు. కొన్ని రోజులకే సముద్రంలో దిగాల్సొచ్చింది. అయితే వాళ్ళ గొండోలా కూడా పడవే. తెరచాప ఎత్తి, మిగతా సముద్రమంతా దాని మీదే ఈదుకుంటూ బార్బడోస్ చేరారు. నలుగురూ బతికారు. 1970 సెప్టెంబర్‌లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్ నుంచి 'ఫ్రీ లైఫ్' ఎగిరింది. మాల్కమ్ బ్రైటన్, రాడ్నీ ఆండర్సన్, ఆయన భార్య పమేలా బ్రౌన్. మర్నాటికల్లా తుఫానులో చిక్కుకున్నారు. సముద్రంలో దిగుతున్నామని రేడియోలో చెప్పారు. ఆ తర్వాత ఆ ముగ్గురూ కనిపించలేదు. 1974 ఫిబ్రవరిలో థామస్ గాచ్ పది బెలూన్ల గుత్తి కట్టుకుని పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్ నుంచి ఒంటరిగా వెళ్ళాడు. ఆయన కూడా సముద్రం మీదే మాయమయ్యాడు.

ఇన్ని తెలిసిన మనిషి యోస్ట్. 1976 అక్టోబర్ 5న అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రపు తీరం నుంచి 'సిల్వర్ ఫాక్స్' అనే బెలూన్‌లో లేచాడు. అప్పటికి ఆయనకి 57 ఏళ్ళు. తోడు ఎవరూ లేరు. ఒంటరిగా గాల్లో ఉండడమంటే నిద్ర కూడా ముక్కలు ముక్కలుగానే. పొద్దు గుంకేటప్పుడు కళ్ళు మూతపడితే బరువు పారబోసే మనిషి ఉండడు. ఆ టెన్షన్ ఒక రాత్రి కాదు, ప్రతి రాత్రీ. రోజులు గడిచేకొద్దీ గాలి ఆయన్ని యూరప్ వైపు తిన్నగా తీసుకెళ్ళకుండా దక్షిణానికి లాగింది. ముందు పోర్చుగల్ తీరం ఇంకా చాలా దూరంలో ఉంది. ఇంకాసేపు ఆగితే గాలి మారొచ్చు. మారకపోనూ వచ్చు.

ఆయన ఆగలేదు. పడవ పడవగా ఉండగానే, తన అదుపు తన చేతిలో ఉండగానే సముద్రంలో దిగాడు. ఒక జర్మన్ ఓడ వచ్చి ఎక్కించుకుంది. గాల్లో ఉన్నది 107 గంటల 37 నిమిషాలు. ప్రయాణించింది 3,983 కిలోమీటర్లు. 1913 నాటి కాలం రికార్డూ, 1914 నాటి దూరం రికార్డూ ఒక్క దెబ్బకి పోయాయి. అయినా పత్రికల భాషలో అది "విఫల యత్నం".

దీని మీద మా క్లాసులో ఒకమ్మాయి గట్టిగా వాదించింది. "సార్, ఎంత దూరం వెళ్ళాడన్నది వేరే సంగతి. ఆయన అనుకున్నది దాటడం. దాటలేదు. దాటినవాళ్ళకి ఇచ్చే మార్కులు దాటనివాళ్ళకి ఇస్తే ఇంక పోటీ ఎందుకు?" అంది. కొట్టిపారేసే మాట కాదిది. అబ్రుజో, ఆండర్సన్‌ల సాహసాన్ని తక్కువ చేస్తే నా వాదనకి విలువే ఉండదు. కాబట్టి వాళ్ళ సంగతి కూడా పూర్తిగా చెప్పుకోవాలి.

యోస్ట్ తన ప్రయాణం గురించి నేషనల్ జియోగ్రాఫిక్ 1977 ఫిబ్రవరి సంచికలో రాశాడు. న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో గనుల కంపెనీ నడిపే మాక్సీ ఆండర్సన్ అది చదివాడు. స్నేహితుడు బెన్ అబ్రుజోతో మాట్లాడాడు. ఇద్దరూ కలిసి యోస్ట్ దగ్గరికే వెళ్ళారు, బెలూన్ చేసిపెట్టమని. ఆయన చేసిపెట్టాడు. 1977 సెప్టెంబర్‌లో 'డబుల్ ఈగిల్'లో మసాచుసెట్స్ నుంచి వెళ్ళి, దారి తప్పి, చలికి గడ్డకట్టుకుపోయి, ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలో పడ్డారు. అబ్రుజో పాదం చలికి దెబ్బతింది. కింద ఉన్నది మామూలు బుట్ట అయితే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు. అది నీళ్ళ మీద తేలే గొండోలా. అందుకే హెలికాప్టర్ వచ్చేదాకా నిలబడగలిగారు.

మరుసటి ఏడాదే మళ్ళీ బయల్దేరారు. ఇంకెవరైనా ఆ పేరు కూడా తలవరు. వీళ్ళు మూడో మనిషిగా లారీ న్యూమన్‌ని కలుపుకుని, 1978 ఆగస్టు 11న మెయిన్‌లోని ప్రెస్క్ ఐల్ నుంచి డబుల్ ఈగిల్-2లో లేచారు. 112 అడుగుల ఎత్తు బెలూన్, లక్షా అరవై వేల ఘనపుటడుగుల హీలియం, కింద రెండు పడవలు జోడించినట్టుండే గొండోలా. అది కూడా యోస్ట్ తయారుచేసిందే. దారిలో ఒకచోట బెలూన్ నాలుగు వేల అడుగుల దాకా జారిపోయింది. ఎండ తగిలి మళ్ళీ లేచేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నారు. ఫ్రాన్స్‌లో దిగేటప్పుడు సరదాగా ఎగురుదామని న్యూమన్ వెంట తెచ్చుకున్న హ్యాంగ్ గ్లైడర్‌ని కూడా బరువు తగ్గించడానికి సముద్రంలో పారేశారు. ఆగస్టు 17న నార్మండీలో మిజెరే అనే పల్లె పొలంలో దిగారు. 137 గంటల 6 నిమిషాలు, దాదాపు 5,000 కిలోమీటర్లు. చప్పట్లు కొట్టాల్సిన పనే. నేను కొడతాను కూడా.

కానీ ఆ అమ్మాయికి చెప్పిన జవాబే ఇక్కడా చెబుతున్నాను. అదే 1978లో, వీళ్ళకి సరిగ్గా కొన్ని వారాల ముందు, డాన్ కామెరాన్, క్రిస్టఫర్ డేవీ అనే ఇద్దరు బ్రిటిష్‌వాళ్ళు కెనడాలోని సెయింట్ జాన్స్ నుంచి ఎగిరి ఫ్రాన్స్ తీరానికి 180 కిలోమీటర్ల దూరందాకా వచ్చి నీళ్ళలో దిగారు. సముద్రమంతా దాటి, చివర్లో హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్ళి ఇంకాస్త పోయేంత దూరం మిగిలింది. గాలి ఇంకొన్ని గంటలు తూర్పుకి వీచి ఉంటే మన పుస్తకాల్లో ఉండేవి వీళ్ళ పేర్లు. మరి ఆ కొన్ని గంటల గాలి ఎవరి ప్రతిభ? పరుగుపందెంలో మొదట వచ్చినవాడి కాళ్ళు వాడివే. బెలూన్‌లో కాళ్ళు గాలివి. అందుకే ఇక్కడ "ఎవరు చేరారు" అన్న ఒక్క ప్రశ్నతో మనుషుల్ని కొలిస్తే కొలత తప్పుతుంది. మనిషి చేతిలో నిజంగా ఉన్నవి వేరే: బెలూన్ ఎలా కట్టాడు, సూర్యాస్తమయాల లెక్క ఎంత సరిగ్గా వేశాడు, పడిపోతే ఏమవుతుందో ముందే ఆలోచించాడా, ఎప్పుడు దిగాలో అప్పుడు దిగాడా. ఈ నాలుగింట్లో యోస్ట్‌కి సాటి ఎవరో చూపించమంటాను. అబ్రుజో, ఆండర్సన్‌లనే అడిగి ఉంటే వాళ్ళు ఎవరిని చూపించేవాళ్ళో వాళ్ళ చేతలే చెబుతున్నాయి. బెలూన్ కావాల్సొచ్చినప్పుడు ఆ ఇద్దరూ వెళ్ళింది ఆయన దగ్గరికే, ఒకసారి కాదు, రెండుసార్లు.

దూరప్రయాణపు బెలూన్ల చరిత్ర నిండా ఇలా మధ్యలో ఆగిన ప్రయాణాలే. వాటిలో కొన్ని మన దేశంలోనే ఆగాయి. 1981 జనవరిలో మాక్సీ ఆండర్సన్, డాన్ ఐడా భూమిని చుట్టిరావాలని ఈజిప్టులోని లక్సర్ నుంచి బయల్దేరి ఉత్తర భారతంలో దిగిపోయారు. 1997 జనవరిలో స్టీవ్ ఫాసెట్ సెయింట్ లూయిస్ నుంచి ఒంటరిగా ఎగిరి, ఇంధనం చాలక, ఉత్తరప్రదేశ్‌లో సుల్తాన్‌పూర్ దగ్గర దిగాడు. అప్పటికి అదే ప్రపంచంలో అన్నిటికంటే దూరం వెళ్ళిన బెలూన్ ప్రయాణం. 2002లో ఆయన ఒంటరిగా భూమిని చుట్టగలిగింది ఆరో ప్రయత్నంలో. అంతకుముందు 1999లో బెర్ట్రాండ్ పికార్డ్, బ్రయాన్ జోన్స్ చుట్టొచ్చిన బెలూన్‌లో పైన హీలియం, రాత్రిళ్ళు అది చల్లబడకుండా కింద ప్రొపేన్ మంట. రాత్రి పూట పారబోయాల్సిన ఇసుక చోటుని ఆ మంట తీసుకుంది. యోస్ట్ విడివిడిగా పట్టుకున్న రెండు దారులు అక్కడ ఒకే బెలూన్‌లో కలిశాయి. ఆ రెండింటినీ కలపడమన్న ఆలోచన ఆయనది కాదు, పద్ధెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి పైలట్ రోజియేది. కానీ ఆ మంటని చెప్పినట్టు వినేలా చేసింది యోస్ట్.

మన ఊరికి కూడా ఈ వంశవృక్షంలో కొమ్మ ఉంది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళ బెలూన్ కేంద్రం 1969 నుంచి నడుస్తోంది. అక్కణ్ణుంచి లేచేవి మనుషులు ఎక్కేవి కావు. పరికరాలు మోసుకుని ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళే పాలిథిన్ బెలూన్లు. యోస్ట్ జనరల్ మిల్స్‌లో చెయ్యి తిప్పింది ఆ జాతి బెలూన్ల మీదే. వాటిని ఎగరేసే ముందు పేపర్లో ఒక ప్రకటన వస్తుంది, చూసే ఉంటారు. ఫలానా జిల్లాల పొలాల్లో పెద్ద రంగు పారాచూట్, దానికి తాడుతో కట్టిన పెట్టెలు కనిపించొచ్చు, ముట్టుకోకండి, లాగకండి, దగ్గరి పోలీస్ స్టేషన్‌కి చెప్పండి అని. ఆ ప్రకటన రాసేవాళ్ళకి బెలూన్ ఎక్కడ దిగుతుందో కచ్చితంగా తెలియదు. తెలియదన్న సంగతిని దాచకుండా, దిగడానికి కూడా ముందే ఏర్పాటు చేసుకుంటారు. యోస్ట్ పడవ కట్టింది ఇలాంటి ఆలోచనతోనే. దాన్ని పిరికితనం అనేవాళ్ళతో నేను ఎంతసేపైనా వాదిస్తాను.

1976 తర్వాత యోస్ట్ అట్లాంటిక్‌ని మళ్ళీ తను దాటబోలేదు. నేర్చుకున్నదంతా ఇంకొకళ్ళ బెలూన్‌లో పెట్టి కట్టిచ్చాడు. "నేను దాటలేనిది మీరెలా దాటుతారో చూస్తా" అనుకునే మనిషి అయితే ఆ పని చేయడు. 2007 మే 27న న్యూ మెక్సికోలో, 87వ ఏట పోయాడు.

అదే న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో ఏటా అక్టోబర్‌లో ప్రపంచంలోకెల్లా పెద్ద బెలూన్ పండగ జరుగుతుంది. 1972లో 13 బెలూన్లతో మొదలైంది, ఇప్పుడు వందల్లో వస్తాయి. అన్నీ దాదాపు వేడిగాలి బెలూన్లే, అంటే బ్రూనింగ్‌లో లేచినదాని సంతానమే. ఆ మైదానం పక్కనే 2005లో ఒక బెలూన్ మ్యూజియం తెరిచారు. దాని పేరు ఆండర్సన్-అబ్రుజో మ్యూజియం. ఆండర్సన్ 1983లో జర్మనీలో బెలూన్ ప్రమాదంలో పోయాడు, అబ్రుజో 1985లో విమాన ప్రమాదంలో. సొంత ఊరు వాళ్ళ పేరు పెట్టుకోవడం న్యాయమే. నేను అడిగేదల్లా ఆ రెండు పేర్ల పక్కన మూడోది ఉండాలని, అది యోస్ట్‌ది అయ్యుండాలని.